వెనక సీట్లో పెట్రోల్ వాసన, లైట్ రాదు, స్కానర్‌లో కోడ్ లేదు: ఆవిరి లీకు ఎలా పట్టుకోవాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)
అన్నలందరికీ నమస్తే. బండి 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి పెట్రోల్ వాసన కొడతా ఉంది. ముందు సీట్లో అంతగా తెలీదు. ట్యాంకు సగానికి దిగాక వాసన దానంతటదే పోతుంది. ఎండలో నిలబెట్టి తలుపు తీశామా, ఇక చెప్పక్కర్లేదు. మా పాప కారెక్కితే చాలు తలనొప్పంటోంది. బండి కింద పడుకుని టార్చి వేసి చూశా, చుక్క కారడం లేదు, ఎక్కడా తడి లేదు. చెక్ ఇంజన్ లైట్ రాలేదు, బ్లూటూత్ స్కానర్ పెడితే కోడ్ సున్నా. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే క్యానిస్టర్ (ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) మార్చాలన్నారు. టెస్ట్ చేశారా అనడిగితే "అనుభవం సార్" అన్నాడు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు పొగ మిషన్ పెట్టి లీకు పట్టుకుంటున్నారు కదా, అది మన నెల్లూర్లో ఎవరి దగ్గరైనా ఉందా? లేకపోతే వేరే దారి ఉందా?

కావలి_కుర్రోడు
ముందు మూత చూడన్నా. మూత లోపలి రబ్బరు రింగు గోటితో తిప్పి చూడు, పగుళ్లుంటే మార్చెయ్. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

పెన్నాగట్టు
మూత చూశా తమ్ముడూ, రబ్బరు మెత్తగానే ఉంది, బిగిస్తే టిక్ టిక్ మని గట్టిగానే పడుతోంది. వాసన కూడా మూత దగ్గర రావట్లా, లోపల వస్తా ఉంది.

డల్లాస్_దగదర్తి
మాది దగదర్తి దగ్గర, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నా. ఇక్కడ ఈ లీకులు అందరికీ అలవాటైన బాధ, ఎందుకంటే బండే తనంతట తాను టెస్ట్ చేసుకుని లైట్ వెలిగిస్తుంది. పీ0455 కోడ్ అంటే పెద్ద లీకు, పీ0442 చిన్న లీకు, పీ0456 మరీ చిన్నది, పీ0457 అయితే మూత వదులు. 1996 తర్వాతి బండ్లు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 40 భాగాలంత రంధ్రాన్ని, అంటే సుమారు ఒక మిల్లీమీటరు చిల్లిని, పట్టుకోవాలని ఇక్కడి రూలు. 2000 నుంచి కాలిఫోర్నియా రూలు దాన్ని అర మిల్లీమీటరుకి తెచ్చింది. రాత్రంతా బండి చల్లారాక, ట్యాంకులో పెట్రోలు మరీ తక్కువా మరీ ఎక్కువా కాకుండా ఉన్నప్పుడు, సిస్టం మొత్తాన్ని మూసేసి లోపల వాక్యూమ్ నిలుస్తోందా లేదా అని చూసుకుంటుంది. కోడ్ వస్తే షాపులో పొగ పెడతారు. నీ బండికి కోడ్ లేదంటే లీకు లేదనే నా అభిప్రాయం. ఇంకేదైనా వాసనేమో చూడు.

ఒంగోలు_మాస్టారు
డల్లాస్ బాబు చెప్పినదంతా నిజమే, ఆ చివరి మాట తప్ప. అది అమెరికా బండి లెక్క. మన దేశంలో బండ్లు యూరప్ పద్ధతిలో నడుస్తాయి. మన ఓబీడీ (బండి తన లోపాలు తానే కనిపెట్టి లైట్ వెలిగించే ఏర్పాటు) రూలు ప్రకారం పర్జ్ వాల్వ్‌కి (క్యానిస్టర్‌లోని ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే వాల్వ్) వెళ్లే కరెంటు తీగ తెగిందా లేదా అన్నది చూస్తే చాలు, ట్యాంకు లీకవుతోందా అని వెతకాల్సిన పని కంప్యూటర్‌కి లేదు. చాలా బండ్లలో ట్యాంకు లోపలి ఒత్తిడి చూసే సెన్సరే పెట్టరు. కాబట్టి మూత తీసేసి ఒంగోలు నుంచి నెల్లూరు దాకా నడిపినా లైట్ రాకపోవచ్చు. కోడ్ లేదు కాబట్టి లీకు లేదు అనే మాట మన దగ్గర చెల్లదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని కొందరంటారు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ మాత్రమే చూస్తారు. ట్యాంకు ఆవిరి జోలికి పోరు. కొత్త మోడల్ అమ్మకానికి వచ్చే ముందు కంపెనీ వాళ్ల బండిని గాలి చొరబడని గదిలో నిలబెట్టి, మొత్తం ఆవిరి 2 గ్రాములు దాటకుండా ఉందా అని కొలుస్తారు. ఆ తర్వాత ఆ బండి జీవితంలో ఆవిరి సంగతి అడిగే నాథుడు ఉండడు.

ఇక సిస్టం విషయం. ట్యాంకులో పుట్టే ఆవిరి ఒక గొట్టం గుండా క్యానిస్టర్‌కి పోతుంది. అందులో యాక్టివేటెడ్ బొగ్గు ఉంటుంది, ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే, క్యానిస్టర్‌కి ఉన్న మరో నోట్లోంచి బయటి గాలి వచ్చి, బొగ్గులోని ఆవిరిని ఊడ్చుకుని ఇంజన్‌లోకి పోయి కాలిపోతుంది. అంటే మూడు నోళ్లు: ట్యాంకు వైపు ఒకటి, ఇంజన్ వైపు ఒకటి, బయటి గాలికి ఒకటి. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుంటే ఏ టెస్టయినా అర్థమవుతుంది.

కొంటె_కోవూరు
పొగ మిషన్ ఎందుకు మాస్టారూ, ఇంట్లో సాంబ్రాణి కడ్డీలు ఉన్నాయి కదా, నాలుగు వెలిగించి గొట్టంలోకి ఊదితే పోలా? దోమల కాయిల్ అయితే ఇంకా ఎక్కువ సేపు వస్తుంది 😂

ఆటోనగర్_మేస్త్రి
కోవూరు తమ్ముడూ, నవ్వులాటకి కూడా ఇట్లాంటివి రాయొద్దు. ఎవడో ఒకడు చదివి చేసేస్తాడు. నిప్పు ఉన్న ఏ పొగా పెట్రోల్ ట్యాంకు దరిదాపుల్లోకి రాకూడదు. అసలు పొగ మిషన్‌లో మంట ఉండదు, మినరల్ ఆయిల్‌ని వేడి చేస్తే వచ్చే ఆవిరి అది. మంచి షాపుల్లో దాన్ని మామూలు గాలితో కాకుండా నైట్రోజన్‌తో తోస్తారు, లోపల పెట్రోల్ ఆవిరి ఉంటుంది కాబట్టి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్తున్నా. పంచర్ షాపు గాలి గొట్టం పెట్టొద్దు. టైరుకి 33 పీఎస్ఐ పెడతాం. ఈ సిస్టం టెస్టుకి వాడేది అర పీఎస్ఐ. అరవై రెట్లకి పైనే తేడా. టైరు గాలి పెడితే క్యానిస్టర్ పగులుతుంది, ప్లాస్టిక్ ట్యాంకు ఉబ్బుతుంది, లీకు లేని చోట కొత్త లీకు పుడుతుంది. ఒక బండి అట్లా చెడగొట్టుకుని మా షెడ్డుకి వచ్చింది. ట్యాంకు పైన గొట్టాలన్నీ ఊడిపోయి ఉన్నాయి.

పెన్నాగట్టు అన్నా, ఒకటడుగుతా. నీ బండికి పెట్రోల్ పంపు ఎప్పుడైనా తీశారా?

పెన్నాగట్టు
తీశారు మేస్త్రీ. పోయిన ఏడాది దారిలో బండి ఆగిపోతే హైవే మీద ఒక షెడ్డులో పంపు మార్చారు. వెనక సీటు ఎత్తి అక్కడే పని చేశారు. దానికీ దీనికీ సంబంధం ఉందంటావా?

ఆటోనగర్_మేస్త్రి
ఉందనే అనుకుంటున్నా. పంపు ప్లేటు కింద పెద్ద రబ్బరు రింగు ఉంటుంది. పెట్రోల్‌లో నాని నాని అది ఉబ్బి ఉంటుంది, ఒకసారి బయటికి తీస్తే మళ్లీ గాడిలో కూర్చోదు. కొత్తది వెయ్యాలి. హైవే మీద కొత్త రింగు ఎక్కడ దొరుకుతుంది, పాతదాన్నే నొక్కి పెట్టేస్తారు. ట్యాంకు ఫుల్ చేసినప్పుడు పెట్రోలు ప్లేటు దగ్గర్లోకి వస్తుంది, సగానికి దిగితే దూరమవుతుంది. వెనక సీట్లోనే వాసన వస్తోంది కాబట్టి లెక్క సరిపోతోంది.

ఒంగోలు_మాస్టారు
మేస్త్రి అనుమానం బలమైనదే, కానీ పెట్రోలు పోసే గొట్టానికి ట్యాంకు దగ్గర ఉండే రబ్బరు హోసు కూడా ఫుల్ ట్యాంకులోనే బయటపడుతుంది. టెస్ట్ చేసి పట్టుకుంటే ఏదో ఒకటే కొనాలి. టెస్ట్ లేకుండా క్యానిస్టర్ కొన్నాక వాసన పోకపోతే ఎవర్ని అడుగుతాడు?

చీమకుర్తి_క్వారీ
అన్నా మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. నా బండికి వాసన లేదు గానీ బంకులో పెట్రోలు పోయనీదు. గన్ను పెడితే టక్కున కట్ అయిపోద్ది, మళ్లీ నొక్కితే మళ్లీ కట్. బంకు కుర్రోడు విసుక్కుంటాడు, వెనక లైను హారన్లు కొడతారు. కొంచెం కొంచెంగా పోయించుకుని వస్తా. మూత తీసేటప్పుడు ఒక్కోసారి బుస్సుమంటది. ఇది కూడా మీరు చెప్పే సిస్టమేనా?

ఆటోనగర్_మేస్త్రి
అదే సిస్టమే క్వారీ అన్నా, నీది లీకుకి ఎదురు రోగం. గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది. పెట్రోలు లోపలికి వస్తుంటే లోపలి గాలి క్యానిస్టర్ గుండా బయటికి పోవాలి, పోకపోతే గన్ను కట్ అవుద్ది. మీ చీమకుర్తిలో గ్రానైట్ పొడి గాల్లో తేలుతుంటది, క్యానిస్టర్ బయటి గాలి గొట్టం నోట్లో చేరి గట్టిపడుద్ది. ఆ గొట్టాన్ని క్యానిస్టర్ దగ్గర ఊడదీసి ఒకసారి బంకుకి పో. గన్ను కట్ కాకపోతే గొట్టమో దాని ఫిల్టరో మార్చుకో. అప్పటికీ కట్ అయితే క్యానిస్టర్ లోపలే మూసుకుపోయింది. గన్ను టక్కుమన్నాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకో యాభైకి కొట్టించే అలవాటు ఉందా?

చీమకుర్తి_క్వారీ
ఉంది మరి. అందరికీ ఉంది.

ఆటోనగర్_మేస్త్రి
మానెయ్. కట్ అయ్యాక పోసేది క్యానిస్టర్‌లోకి పోవచ్చు. బొగ్గుకి పట్టేది ఆవిరి, అందులో పెట్రోలు పోస్తే పాడవుద్ది. గుల్లయి పొడిగా రాలి పర్జ్ వాల్వ్‌లో ఇరుక్కుంటే ఆ వాల్వ్ మూసుకోదు, అప్పుడు పెట్రోలు పోయించుకుని స్టార్ట్ చేస్తే ఇంజన్ కొట్టుకుంటా ఉంటది.

ఒంగోలు_మాస్టారు
పర్జ్ వాల్వ్ మాట వచ్చింది కాబట్టి. ఇది కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండాలి. ఊడదీసి చిన్న గొట్టం తొడిగి ఊదితే గాలి దాటకూడదు, 12 వోల్టులు ఇస్తే టిక్కుమని దాటాలి. నోటితో లోపలికి పీల్చొద్దు, పెట్రోల్ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మల్టీమీటర్‌తో కాయిల్ చూస్తే చాలావాటికి 20 నుంచి 30 ఓమ్స్ మధ్య ఉంటుంది.

ఇప్పుడు పెన్నాగట్టు కోసం, పొగ మిషన్ లేకుండా చేసే పద్ధతి. పాలిటెక్నిక్‌లో పిల్లలతో చేయించినదే. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే తెల్ల ట్యూబు తెచ్చుకో, రెండు మీటర్లు చాలు. దాన్ని యు ఆకారంలో చెక్కకి కట్టి సగం దాకా నీళ్లు పోసి, కనపడటానికి కాస్త కుంకుమ కలుపు. పక్కన టేపు గానీ స్కేలు గానీ అంటించు. ఇంజన్ దగ్గర పర్జ్ వాల్వ్‌కి వచ్చే గొట్టాన్ని, క్యానిస్టర్ వైపుది, ఊడదీసి దానికి టీ జాయింటు పెట్టు. ఒక కొమ్ముకి నీళ్ల ట్యూబు, ఇంకో కొమ్ము గాలి ఇవ్వడానికి. క్యానిస్టర్ బయటి గాలి నోటికి రబ్బరు బిరడా కొట్టు, లేకపోతే పెట్టిన గాలంతా అక్కణ్నించే పోయి లీకుందని మోసపోతావు. మూత బిగించు.

గాలి కొద్దికొద్దిగా ఇచ్చి రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా 35 సెంటీమీటర్లు వచ్చేదాకా తీసుకురా. అదే అర పీఎస్ఐ. అక్కడ ఆపి గాలి దారి మూసి రెండు నిమిషాలు చూడు. 1990లలో అమెరికా తనిఖీ కేంద్రాల్లో ఇదే టెస్టు 14 అంగుళాల నీటి మట్టంతో చేసేవాళ్లు. రెండు నిమిషాల్లో 8 అంగుళాల కంటే, అంటే 20 సెంటీమీటర్ల కంటే, కిందికి పడితే ఫెయిల్.

ఎండలో మాత్రం చేయొద్దు. మే నెలలో మన దగ్గర ట్యాంకు వేడెక్కితే పెట్రోలు ఆవిరై ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది, లీకవుతున్నా మట్టం పడదు. తెల్లారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, నీడలో, బయట చెయ్యి. ట్యాంకు ముప్పావు నిండి ఉంటే మంచిది. లోపల ఖాళీ తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా తొందరగా కనపడుతుంది. నడిచే మోటారు గానీ సిగరెట్టు గానీ దగ్గర్లో ఉండకూడదు.

కందుకూరు_కాంపౌండర్
మాస్టారూ, గాలి ఇవ్వడానికి బీపీ చూసే మిషన్ బల్బు సరిపోద్ది కదా? చేత్తో పిసికేది. గాలి వెనక్కి రాకుండా దానికి వాల్వు కూడా ఉంటది, వదలాలంటే స్క్రూ ఉంటది. పైగా మన పాదరసం లెక్కలో అర పీఎస్ఐ అంటే 26 మిల్లీమీటర్లే. డయల్ మిషన్ ఉంటే నీళ్ల ట్యూబు కూడా అక్కర్లేదు.

ఒంగోలు_మాస్టారు
బల్బు ఐడియా బ్రహ్మాండం, దాంతోనే చేయండి. డయల్ మాత్రం వద్దు. అందులో ఒక గీత అంటే 2 మిల్లీమీటర్లు, ముల్లు కొంచెం కదిలినా కంటికి ఆనదు. అదే నీళ్లలో అయితే 2.7 సెంటీమీటర్లు, దూరం నుంచి కూడా కనపడుతుంది.

డల్లాస్_దగదర్తి
మాస్టారు గారూ, ఓబీడీ విషయం నాకు తెలీదు, చెప్పినందుకు థాంక్స్. ఒక సందేహం. ఇప్పుడు ఇండియాలో అంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కదా, ఇథనాల్ వల్ల రబ్బరు పాడైందేమో?

కావలి_కుర్రోడు
అదే నేననేది. ఈ20 వచ్చాకే ఇవన్నీ మొదలయ్యాయి. మా వీధిలో అందరి బండ్లూ మైలేజీ పోయాయి.

ఒంగోలు_మాస్టారు
మైలేజీ వేరే గొడవ, దాన్ని ఇక్కడికి తేవద్దు. ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది, ఆవిరి ఒత్తిడినీ పెంచుతుంది, అది నిజం. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో రబ్బర్లు దానికి తగ్గట్టు ఉండాలి. 2017 బండిలో హోసు పగిలితే ఈ20 ఒక కారణం కావచ్చు, ఎండ ఇంకో కారణం, ఎలుక మూడోది. కారణం ఏదైనా పగిలిన చోటు దొరకాలి కదా ముందు.

కొంటె_కోవూరు
ఎలుక అంటే గుర్తొచ్చింది, మా ఇల్లు వరిచేల పక్కన, కోతలైపోగానే ఎలుకలన్నీ ఇంజన్లోకి కాపురం మారుస్తాయి. మా బావ బండిలో పర్జ్ గొట్టమే కొరికేసింది. ఈసారి నిజంగానే చెప్తున్నా, నవ్వులాట కాదు.

పెన్నాగట్టు
అప్‌డేట్. ఆదివారం తెల్లారుజామున మా చిన్నాన్న కొడుకుని పిలిచి చేశాం. మట్టం ట్యూబు పక్కింటి తాపీ మేస్త్రి ఇచ్చాడు, బల్బు కాంపౌండర్ అన్న చెప్పినట్టు బీపీ మిషన్‌ది. క్యానిస్టర్ మా బండిలో వెనక చక్రం దగ్గరుంది, బయటి గాలి నోటికి సెలైన్ సీసా రబ్బరు బిరడా సరిగ్గా పట్టింది. మొదట 35 దాకా తేవడమే కష్టమైంది, పిసుకుతుంటేనే కిందికి జారిపోతోంది. ఎట్లాగో తెచ్చి వదిలితే నిమిషం కాకముందే 10 దగ్గరికి వచ్చేసింది. ఇక టెన్షన్ పట్టుకుంది.

వెనక సీటు ఎత్తాం. అడుగున ఇనుప మూత తీయగానే గుప్పుమని వాసన. మళ్లీ గాలి పెట్టి, సబ్బు నీళ్లు స్ప్రే చేశాం. ప్లేటు చుట్టూ అంతా బాగానే ఉంది, ఒకవైపు మాత్రం, పెట్రోలు పైపు బయటికి వచ్చే దగ్గర, బుడగలు చిన్నచిన్నగా వరుసగా పుట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అక్కడ రింగు గాడి దాటి పైకి ఉబ్బి నలిగిపోయి కనపడుతోంది. మేస్త్రీ, నువ్వు చూడకుండానే చెప్పావు.

ఆటోనగర్_మేస్త్రి
రింగు బండి మోడల్ చెప్పి తీసుకో, ప్లంబింగ్ షాపు ఓ-రింగు వెయ్యొద్దు, అది పెట్రోల్‌లో పాడవుద్ది. పంపు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్, తలుపులన్నీ తెరిచిపెట్టు, ట్యాంకు సగానికి దించాక చెయ్యి. పెద్ద ప్లాస్టిక్ నట్టుని స్క్రూడ్రైవర్‌తో సుత్తి పెట్టి కొట్టొద్దు, అందరూ చేసే పని అదే. దానికి రెంచి ఉంటది, నా దగ్గరకొస్తే ఇస్తా. ఇనప ట్యాంకు అయితే నిప్పురవ్వ లేస్తే ఇక అంతే. రింగు వేశాక మళ్లీ టెస్ట్ చెయ్యడం మర్చిపోవద్దు.

పెన్నాగట్టు
చేశానన్నా. కొత్త రింగు వందల్లోనే అయిపోయింది, రెంచి నీదే, థాంక్స్. ట్యాంకు మళ్లీ ముప్పావు నింపి టెస్ట్ చేస్తే ఇప్పుడు 35 నుంచి 24కి వచ్చింది రెండు నిమిషాల్లో. అమెరికా లెక్కలో పాసే, కానీ పడుతోంది కదా. ఇంకోచోట ఉన్నట్టా, వదిలెయ్యాలా?

ఒంగోలు_మాస్టారు
ముందు నీ టెస్టు గొట్టాల జాయింట్లకే సబ్బు నీళ్లు కొట్టి చూడు. సగంసార్లు లీకు మనం పెట్టిన టీ దగ్గరే ఉంటుంది. అవి బాగుంటే పెట్రోలు పోసే గొట్టం పక్కన సన్నగా ఉండే ఆవిరి హోసు మొత్తం తడుముకుంటూ వెళ్లు, వేళ్లతో వంచి చూడు. వంచితేనే తెరుచుకునే పగుళ్లుంటాయి.

పెన్నాగట్టు
టీ బాగానే ఉంది మాస్టారూ. సన్న హోసు క్లిప్పు కింద వంచితే బుడగ వచ్చింది, వదిలేస్తే ఆగుతోంది. చివర అర అంగుళం కత్తిరించి మళ్లీ తొడగొచ్చా, పొడవు ఉంది?

ఆటోనగర్_మేస్త్రి
కత్తిరించొద్దు. ఒక చివర పగిలిందంటే మిగతాది కూడా గట్టిపడిపోయిందనే. హోసు మొత్తం మార్చెయ్, పెట్రోల్ హోసు అని రాసి ఉన్నదే తీసుకో, నీళ్ల గొట్టం ఇస్తారు జాగ్రత్త. లోపలి కొలత పాత ముక్క తీసుకెళ్లి చూపించి కొను.

చీమకుర్తి_క్వారీ
మేస్త్రీ, నాది కూడా దొరికింది. బయటి గాలి గొట్టం ఊడదీసి బంకుకి పోతే గన్ను కట్ కాలా, ఫుల్ అయ్యేదాకా పోసింది. గొట్టాన్ని తిరగేసి కొడితే బూడిద రంగు పొడి గుప్పెడు రాలింది. ఫిల్టర్ మా ఊర్లో లేదంటున్నారు, నీ దగ్గర ఉంటే సోమవారం నెల్లూరు వస్తున్నా.

ఆటోనగర్_మేస్త్రి
బండి మోడల్, సంవత్సరం మెసేజ్ పెట్టు. ఉంటే పక్కన పెడతా. అప్పటిదాకా ఆ నోరు ఊరికే తెరిచి తిరగొద్దు, ఆ పొడి నేరుగా బొగ్గులోకి పోద్ది. గొట్టం శుభ్రంగా కడిగి ఆరబెట్టి తొడుగు.